ముప్పై వేల వోల్టుల రంజాన్

మా స్ఫాక్స్ ఊరి లాబ్‌లో పందొమ్మిదేళ్లు ఎంజైముల వేగం కొలిచే మిషను నడిపింది, మేం గౌరవంగా లల్లా అని పిలిచే బేయా. తల వెంట్రుకంత సన్నటి గాజు గొట్టం. అందులోకి కంటికి కనబడనంత ఎంజైమూ, వెనకే అది కొరికే పదార్థమూ పంపి కరెంటు పెడితే, రెండూ లోపలే కలిసి, పని ఎంత వేగంగా జరిగిందో తెర మీద గీతగా లేస్తుంది. పెద్ద చదువులవాళ్ల చేతిలో ఆ గొట్టం పుటుక్కున విరిగేది. ఆవిడ చేతిలో ఏడాది బతికేది. పక్కగదిలో గాజుసామాను కడిగేవాణ్ణి, కళ్లారా చూశాను.

ఇంత చేసినా ఒక్క పరిశోధన వ్యాసంలోనూ ఆవిడ పేరు లేదు. రచయితల మాట అటుంచండి, చివర్న కృతజ్ఞతల్లో కూడా లేదు. రిటైరయ్యేలోగా ఒక్కసారి తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆవిడ ఆశ.

"ఈసారి నీ పేరు వేస్తాను బేయా, నాదీ పూచీ" అన్నాడు ప్రొఫెసర్ షాకిర్. నమ్మింది, పిచ్చితల్లి.

అప్పుడు నడివేసవిలో రంజాన్. మధ్యాహ్నం రెండింటికే లాబ్ మూత. ప్రయోగాలు పూర్తికావడం లేదని ఆయన చిరాకు.

"పదిహేను వేల వోల్టులేంటి, ముప్పై వేలు పెట్టు. సగం టైములో అయిపోతుంది."

"షాకిర్ సార్, చల్లబరిచే పంపు ముసలిదైపోయింది. అంత పెడితే గొట్టం వేడెక్కుతుంది. వేడికి ఎంజైము ఉరుకుతుంది, అదే దాని అసలు వేగం అనుకుంటాం మనం."

"ఉపవాసం తలకెక్కిందా ఏంటి? ఆలోచించడానికి నేనున్నాను. నువ్వు మీట నొక్కు చాలు."

విద్యార్థులు నవ్వారు. నాకూ ఇంటికెళ్లే తొందర, నోరు మెదపలేదు.

ఆవిడ నొక్కింది. రిజిస్టర్లో ప్రతి ప్రయోగం పక్కనా 'సార్ చెప్పారు, ముప్పై వేలు, గొట్టం వేడి' అని రాసింది. వ్యాసం వచ్చింది, ఐదు పేర్లతో. ఆవిడది లేదు. అడిగితే "చోటు చాల్లేదు బేయా" అన్నాడు. సిగ్గులేని మనిషి.

ఏడాది తిరక్కుండా వేరే దేశంవాళ్లు అదే ప్రయోగం చేస్తే వేగం సగమే తేలింది. విచారణ కమిటీ వచ్చేసరికి రిజిస్టరు మాయం. గాజుసామాను కడిగేవాణ్ణి నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు, భయపడ్డాను.

వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటూ పత్రికవాళ్లు వేసిన ప్రకటన ఆవిడ నా ముందే చదివింది: 'టెక్నీషియన్ బేయా కమ్మూన్ అనుమతి లేకుండా వోల్టేజీ పెంచినందువల్ల ఈ పొరపాటు జరిగింది.'

చాలాసేపు ఆ పేరు మీదే వేలు పెట్టి ఉంచింది.

"వేస్తానన్నాడు, వేశాడు" అంది.