చౌరస్తా ఫ్లెక్సీలో కారు

మా పక్కింటి అక్కది పందేల కుటుంబం. తాత ఎడ్లబండ్లు తోలాడు, నాన్న బైకులు నడిపాడు. అక్క మాత్రం బైకు, జీపు, ట్రాక్టరు, ఏది ఇచ్చినా గెలిచేది. ఎక్కేముందు బండిని అరచేత్తో రెండుసార్లు తట్టేది.

ఓ కారు రేసు పొద్దున అక్క తమ్ముడు భయపడి కారెక్కనన్నాడు. అతని హెల్మెట్ పెట్టుకుని అక్కే నడిపి గెలిచింది. మర్నాడు బాన్సువాడ చౌరస్తాలో తమ్ముడి నవ్వుముఖంతో ఫ్లెక్సీ కట్టారు. పక్కనే ఆ కారు బొమ్మ.

"ఆడిపిల్ల గెల్సిందంటే వానికి ఇజ్జతేముంటది?" అన్నాడు వాళ్ల నాన్న. నేనూ సిగ్గులేకుండా ఆ ఫ్లెక్సీ కింద సెల్ఫీ దిగాను.

మొన్న కోటగిరి రోడ్డుపై ఆ ఫ్లెక్సీ పరిచి ఎవరో వడ్లు ఆరబోశారు. అక్క ట్రాక్టరు దిగి, వడ్లు జరిపి, కారు బొమ్మను రెండుసార్లు తట్టింది.

"గీ కార్ల ఉన్నది నేనే" అని వడ్లతో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.