బస్సని చదివిన కార్డు

బరంపురం నుంచి విశాఖపట్నం పోవాల్సి వస్తే నన్ను బస్సెక్కమని మా ఇంట్లో ఎవరూ అనరు. అంటే తిడతాను. చాలా ఏళ్లు ఆ తిట్లన్నీ బస్సు తిన్నది. తినాల్సినవాడు మా బావ, నా పెనిమిటికి అన్న.

మాది గంజాం ఒడ్డున చేపల పేట. నా తమ్ముడు విశాఖపట్నంలో వేట చేసేవాడు. అక్కడ గిట్టక అండమాన్ పోతూ అమ్మనీ తీసుకుపోతున్నాడు. ఓడ ఆదివారం సాయంత్రమని మనిషితో కబురంపాడు. ఎలా రావాలో కార్డు రాస్తానన్నాడు. అంత దూరం పోయిన ముసలిది మళ్లీ వస్తుందా? అమ్మను చూడాలంటే ఆ ఆదివారమే.

కార్డు శుక్రవారం వచ్చింది. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు, నా పెనిమిటికీ రాదు. మా పేటలో చదువుకున్నవాడు బావ ఒక్కడే. బరంపురంలో ఒరియా బడికి పోయినవాడు. సర్కారు కాగితం ఏదొచ్చినా ఆయన గుమ్మంలోకే పోయేది. పంచాయతీలో ఆయనకు పీట వేసేవారు.

ఆ పూట కూడా పదిమంది మూగారు. బావ కార్డు పట్టుకుని పెదాలు కదిపాడు.

"ఏటి రాసేడు బావా? బస్సా, రైలా?"

"బస్సే. పొద్దున్నే బస్సెక్కి వొచ్చీమన్నాడు."

"రైలైతే బేగెల్లిపోద్ది గదా?" అన్నాడు నా పెనిమిటి.

"ఒరే, కార్డు నువ్వు సదివేవా, నేను సదివేనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆదివారం చీకటితోనే బయలుదేరాను. అమ్మకు ఇష్టమని ఎండు నెత్తళ్లు మూటకట్టాను. ఇచ్ఛాపురంలో ఒక బస్సు దిగి ఇంకో బస్సు, శ్రీకాకుళంలో మరొకటి. ప్రతిచోటా నిలబడ్డమే. రేవుకి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.

"ఎల్లిపోనాదమ్మా ఓడ" అన్నాడు కాపలా మనిషి. నెత్తళ్ల మూట వాడికే ఇచ్చేశాను.

ఆ తర్వాత అండమాన్ నుంచి ఎవరో వస్తుంటే అమ్మ ఒక్క మాట చెప్పి పంపింది. "దానికి రాబుద్ది కాలేదు. నాకూ కూతురు లేదనుకుంటాను." నేను తిరుగు కబురు పంపేలోగా అక్కడే పోయింది.

జుట్టు నెరిశాక నాకు అక్షరాలొచ్చాయి. నా కోడలు సోంపేట పిల్ల, తెలుగు బడిలో చదివింది. ఎండుచేపలకి కాకులు తోలుతూ కూర్చున్న మధ్యాహ్నాల్లో ఇసుక మీద దిద్దించింది. పెట్టె అడుగున దాచిన ఆ కార్డు తీసి, కూడబలుక్కుని చదివాను.

"అక్కా, బస్సెక్కకు. బస్సులు మారాలి, ఓడ అందదు. పొద్దుటి రైలెక్కు. అమ్మా నేనూ స్టేషన్లో కూర్చునుంటాం."

అమ్మ కూడా స్టేషన్లో కూర్చుంది.

కార్డు తీసుకుని బావ దగ్గరికి పోయాను. "ఇది మళ్లీ ఓపాలి సదువు."

"కళ్లు ఆనడం లేదమ్మీ."

"ఆ రోజు ఆనేయా?"

ఆయన కార్డు ముట్టుకోలేదు. "నాకు ఒరియా అచ్చరాలే వొచ్చు. తెలుగు ఒక్కటీ రాదు. అంతమంది సూస్తన్నారు, రాదని ఎలాగ సెప్పేది? బస్సైతే పేట కాడే ఆగుద్ది, నీకు సులువనుకున్నాను."

"రాదంటే పక్కపేటలో సదివించుకుందుము గదా!"

"తప్పే. పేటలో ఎవరికీ సెప్పకమ్మీ" అన్నాడు. అప్పటికీ ఆయనకు పీట గురించే.

నేను నా చేత్తో రాసిన మొదటి ఉత్తరం తమ్ముడికి. రైలని నువ్వు రాశావు, బస్సని నాకు చదివారు అని రాశాను. జవాబు ఒక్క ముక్క వచ్చింది. "ఈ మాట అమ్మ ఉండగా రాస్తే బాగుండేదక్కా."

కార్డొచ్చిందని తెలిసి బావ కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"తమ్ముడు ఏటి రాసేడమ్మీ?"

"నువ్వే సదువుకో బావా" అని కార్డు ఆయన చేతిలో పెట్టి లోపలికి పోయాను.