వంటక్కను చంపిన తెల్ల అట్ట

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నాకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి రూటు అప్పగించారు. హైదరాబాదులోని ఒక ప్రచురణ సంస్థలో నేను ఫీల్డ్ రిప్రజెంటేటివ్‌ని. హోదా వినడానికి బాగుంటుంది. పని మాత్రం స్టాళ్లకు పుస్తకాల కట్టలు మోయడం, అమ్ముడుపోనివి తిరిగి మోసుకురావడం. ఈ రెండోదాన్ని మా భాషలో 'రిటర్న్' అంటారు. ఏడో తరగతిలోనే పుస్తకాలకు దండం పెట్టి పారిపోయిన నన్ను దేవుడు అలా పట్టుకున్నాడు.

ఆ వేసవి మా కొత్త సరుకు, నెల్లికుదురు యాకమ్మ చెప్పిన వంటల పుస్తకం. చుట్టుపక్కల మండలాల్లో పెళ్లి వంటంటే యాకమ్మే. అట్ట సంగతి ఏరియా మేనేజరు చూసుకున్నాడు. వంటల పుస్తకాలకు అందరూ రంగులు పులుముతారు, మనది హుందాగా ఉండాలన్నాడు. తెల్లటి అట్ట, మెరుపు లేని మ్యాట్ లామినేషన్, నడుమ కోడిగుడ్డు ఆకారంలో యాకమ్మ ఫొటో, కింద పేరు. ఫొటో ఆధార్ కార్డుకు దిగిన బాపతు. అందులో నవ్వే ప్రసక్తి లేదు.

మహబూబాబాద్ బస్టాండులో స్టాలు నడిపే కొంరయ్య దాన్ని 'ఎదురు' పెట్టాడు. అంటే వెన్ను కాకుండా అట్ట మొత్తం కనబడేలా ముందు వరసలో నిలబెట్టడం. కొత్త పుస్తకానికి అంతకన్నా మర్యాద లేదు. జనం ఆగారు, చూశారు, జాలిగా నాలుక చప్పరించి వెళ్లిపోయారు. ఒకామె మాత్రం పుస్తకం కళ్లకద్దుకుంది.

"అయ్యో, మా ఆడబిడ్డ పెండ్లికి ఈమెనే వండింది. ఎప్పుడు పోయిందట?"

"నాకేం ఎరుకక్కా, అట్ట మొన్ననే వచ్చింది," అన్నాడు కొంరయ్య.

మా వైపు దశదినకర్మ కార్డులు అచ్చం అలాగే ఉంటాయి. అలాంటిదాన్ని ఉప్పుడబ్బా పక్కన ఎవరు పెట్టుకుంటారు?

పుస్తకం కదల్లేదు గానీ చావుకబురు కదిలింది. నర్సింహులపేటలో యాకమ్మకు మాటిచ్చిన పెళ్లివారు ఇంకో వంటామెను కుదుర్చుకున్నారు. ముహూర్తాల నెలల్లో పని దొరికితేనే యాకమ్మకు ఏడాది గడుస్తుంది. నేను స్టాలు దగ్గర ఉన్నప్పుడే ఆటో దిగి సరాసరి నా మీదికొచ్చింది.

"ఏందన్నా, నన్ను ఎప్పుడు సంపినవ్?"

"నేను కాదక్కా, మేనేజరు."

"పెండ్లోళ్లకు ఫోన్ జేస్తే 'యాకమ్మకు మీరేమైతరు' అని అడుగుతున్నరు. ఏం జెప్పాలె? దయ్యమైతనని జెప్పాల్నా?"

అక్కడి నుంచే మేనేజరుకు ఫోన్ కలిపాను. ఫొటో కింద 'వీరు క్షేమం' అని స్టిక్కరు వేద్దామన్నాడు. రంగు మార్చాలంటే మాత్రం జంకాడు. ఎరుపు ఒక జెండాది, గులాబీ ఇంకో జెండాది, కాషాయం, ఆకుపచ్చ, పసుపు, నీలం అన్నిటికీ యజమానులున్నారు. ఏది వేసినా సగం మంది కొనరన్నాడు. యాకమ్మ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది.

"సారూ, మామిడికాయ తొక్కు ఏ పార్టీదో జర జెప్పుండ్రి."

మేనేజరు ఫోన్ పెట్టేశాడు. దాన్నే మేం అనుమతిగా తీసుకున్నాం.

పాత అట్టలు చించి, తొక్కు పచ్చడి రంగులో కొత్తవి అతికించాం. పైన నూనె తేలినట్టు మెరిసే గ్లాసీ లామినేషన్. బొమ్మలో యాకమ్మ పొయ్యి మీది గంజు ముందు గరిట ఎత్తి, పండ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. చనిపోయినవాళ్ల ఫొటోల్లో ఎవరూ అలా నవ్వరు.

ఆ పుస్తకం పట్టుకుని ఆమె నర్సింహులపేట వెళ్లింది. పెళ్లి వంట అప్పటికే చేజారింది, కానీ పెళ్లయ్యాక ఆడపిల్లకు పోసే ఒడిబియ్యం విందు ఆమెకే ఇచ్చారు. మిగతా పెళ్లిళ్ల వంటలూ ఆమెకే నిలిచాయి. జనగామ, భూపాలపల్లి దుకాణాల వాళ్లు మళ్లీ కట్టలు అడిగారు. తొక్కు రంగు ఆలోచన తనదేనని మేనేజరు ఆఫీసు మీటింగులో చెప్పాడట.

అట్ట అందంగా ఉందా లేదా అని కొనేవాడు చూడడు. దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో చూస్తాడు. పూజగదిలోనా, వంటింట్లోనా, పిల్లల బ్యాగులోనా? ఆ చోటు అట్ట చూడగానే తోచకపోతే, లోపల ఎంత గొప్పగా రాసినా అది రిటర్నే.