ఖాసిం చిచ్చా నేర్పిన చూపు

మొన్న ఆదివారం చర్చికి పోయే దారిలో మా మనవరాలి స్కూటీ టైరులో గాలి పోతే, బస్టాండు పక్కన పంక్చరు దుకాణం ముందు చాలాసేపు నిలబడవలసి వచ్చింది. "అవ్వా, జర పక్కకు జరుగు, పైపు కాళ్ళకు తగుల్తది" అన్నాడు ఆ దుకాణమాయన. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. ఆ సంగతి నేను మరచిపోను, ఇకమీద మనవరాలిని ఆ దుకాణానికి పోనివ్వను కూడా. అంతలో ఆయన ఎవరిదో పాత సైకిలు ట్యూబును నీళ్ళ తొట్టిలోంచి తీసి, తుడిచి, గరుకు రేకుతో గీకి, దాని మీద సొల్యూషన్ పూశాడు. తడి రబ్బరు వాసన, ముక్కులో సూదిలా దిగే ఆ జిగురు వాసన కలిసి వచ్చేసరికి, చేతిసంచీ పట్టుకుని నిలబడ్డ ముసలిదాన్ని కాస్తా, ఇదే మెదకులో మా నాయిన దుకాణం అరుగు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న పదేళ్ళ పిల్లనైపోయాను.

మా నాయిన బట్టలు కుట్టేవాడు. ఆయన తల్లి కరువు రోజుల్లో పెద్ద చర్చి కడుతుంటే ఇటుకలు మోసి, ఆ కూలికి పెట్టిన బువ్వతో పిల్లలను బతికించుకున్నదట. అందుకే మా ఇంట్లో చర్చి గంట వినబడితే ముద్ద కూడా నోటి దగ్గర ఆగేది. దుకాణంలో ఒక కుట్టుమిషను, ఒక పెద్ద బల్ల, దాని కింద బట్టముక్కల గుట్ట, వెనక గోడ వెంబడి ఒక దండెం ఉండేవి. కుట్టి పూర్తయిన షేర్వానీలు, కోట్లు దండేనికి వేలాడేవి. వాటి వెనక గోడలో ఒక లోతైన అర ఉండేది. మేము చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడితే అందులో ఇద్దరం ముడుచుకుని కూర్చునేవాళ్ళం, కొత్త బట్టకు పెట్టిన గంజి వాసన, ఇస్త్రీ పెట్టె బొగ్గు వాసన పీల్చుకుంటూ.

మా గోడకు ఆనుకునే, మేము చిన్నాయిన వరస పెట్టి చిచ్చా అని పిలిచే ఖాసిం సైకిళ్ళ దుకాణం. కిరాయికి ఇచ్చే సైకిళ్ళు నాలుగో అయిదో ఉండేవి. వానాకాలం మధ్యాహ్నాల్లో కిరాయికి ఎవరూ రారు. అప్పుడు చిచ్చా పాడైపోయిన ట్యూబును కత్తెరతో అడ్డంగా సన్నగా కోస్తే గాజుల్లాంటి నల్ల రబ్బర్లు వచ్చేవి. మేము కాల్చిన మక్కకంకులు తెచ్చి ఆయనకు సగం ఇచ్చి, చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆయన ఒక రబ్బరును చూపుడువేలికీ మధ్యవేలికీ తగిలించి, పిడికిలి మూసి తెరిస్తే అది పక్క రెండు వేళ్ళకు దూకి ఉండేది. ఒక్కోసారి దాన్ని ఇంకొక రబ్బరుతో వేళ్ళకు అడ్డంగా కట్టేసి, "ఇగ యాడికి పోతదో సూడుండ్రి" అనేవాడు. అయినా అది దూకేది. పీర్ల పండుగకు షర్బత్ తాగి, రొట్టెలో బెల్లం కలిపి చేసిన మలీద తిని అందరం గుంపుగా కూర్చుంటే, ఎవరి చేతిలోని చింతగింజనో తీసుకుని మాయం చేసి, అడిగినవాళ్ళ చెవి వెనక నుంచి తీసి ఇచ్చేవాడు. సొల్యూషన్ మరకలతో నల్లబారి, గోళ్ళు విరిగిన ఆ వేళ్ళు ఆ ఒక్క క్షణం మాత్రం పెళ్ళికూతురి వేళ్ళలా మెత్తగా కదిలేవి.

నాకు ఆయన ఒకే ఒక్క విద్య శ్రద్ధగా నేర్పాడు. వేలికి సూది గుచ్చుకోకుండా దర్జీలు తొడుక్కునే ఇత్తడి తొడుగు ఉంటుంది, అంగుస్తానా అంటారు. మా నాయిన అంగుస్తానాను కుడిచేతిలో పట్టుకుని ఎడమచేతిలో వేసినట్టు నటించాలి. నిజానికి అది కుడిచేతికి చుట్టుకున్న నల్ల రబ్బరు కింద, చేతి వెనకవైపు ఇరుక్కుని ఉంటుంది. ఎడమ పిడికిలి మీద ఊది తెరిస్తే ఏమీ ఉండదు. చెయ్యి పని నాకు వారంలోనే వచ్చింది. చూపు రాలేదు. ఆఖరు క్షణంలో నా కళ్ళు కుడిచేతి మీదికి పోయేవి.

"నీ చెయ్యి మంచిగనే దాస్తుంది గని, నీ కండ్లు చాడీలు చెప్తున్నయ్ రూతూ" అనేవాడు చిచ్చా. "సూసెటోళ్ళు నీ చేతిని సూడరు బేటీ, నీ కండ్లు యాడికి పోతే ఆడికి వస్తరు. ఒట్టి చెయ్యిని సూడు. దాంట్ల ఉన్నట్టే సూడు."

ఆయన ఆ మాట ఒకసారి నాకు ఒక్కదానికే చెబితే బాగుండేది. పది మంది ముందు, ప్రతిసారీ చెప్పేవాడు, వాళ్ళంతా నవ్వేవారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ ఏడు కౌడిపల్లి నుంచి మా మేనత్త తన కూతురు శాంతను తీసుకుని మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. అక్కడ ఒకపక్క దొరలను ఎదిరించే సంఘంవాళ్ళు, ఇంకొకపక్క నిజాం తరఫు రజాకార్లు, మధ్యలో ఊరు నలిగిపోతున్నదని పెద్దవాళ్ళు అనుకునేవారు. శాంతది నా వయసే. వచ్చిన మూడోరోజే అంగుస్తానా విద్య చేసి చూపించింది, కళ్ళు చెదరకుండా. చిచ్చా ముచ్చటపడి, ఎవరో దొరవారి సైకిలుదట, ఎర్ర ట్యూబు ముక్క ఒకటి ఎన్నాళ్ళుగానో దాచుకున్నాడు, దాన్ని కోసి ఒకే ఒక్క రబ్బరు తీసి శాంత చేతికి తొడిగాడు. నేను రెండేళ్ళుగా ఆ ముక్క మీద ఆశ పెట్టుకున్నానని ఆయనకు తెలుసు.

"గా నల్లదాన్ని చెప్పుకు కుట్టుకో రూతూ" అంది శాంత.

చిచ్చా నవ్వాడు. నేను లేచి ఇంట్లోకి పోయాను. రెండు రోజులు ఆ అరుగు ఎక్కలేదు. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు.

తరువాతి వానాకాలానికి ఊరు మారిపోయింది. రజాకార్లు ఖాకీ తానులు తెచ్చి మా నాయిన ముందు పడేసి చొక్కాలు కుట్టమన్నారు. కుట్టనంటే ఏమవుతుందో చెప్పవలసిన అవసరం వాళ్ళకు కలగలేదు. అందులో ఒక చొక్కా చిచ్చాది. దుకాణాలున్న వాళ్ళంతా మైదానానికి వచ్చి కవాతు చేయాలన్నారు. ఆయన కట్టె భుజాన పెట్టుకుని కొన్ని రోజులు నడిచాడు, అడుగు తప్పుతూ, మా అరుగు ముందుకు వచ్చేసరికి తల దించుకుని. సైకిళ్ళు కూడా వాళ్ళే తీసుకుపోయారు. రబ్బర్లు కోసే మధ్యాహ్నాలు ఆగిపోయాయి.

నేను మాత్రం ఆగలేదు. పగిలిన అద్దం ముక్కను మిషనుకు ఆనించి, వాన కురుస్తున్నన్ని రోజులూ ఒట్టిచేతిని చూడడం నేర్చుకున్నాను. రెప్ప కొట్టకుండా, నిండుగా ఉందని నమ్మినట్టే చూడడం. ఒకరోజు మా అమ్మ ముందు చేస్తే ఆమె నా ఎడమ పిడికిలి, లంగా మడతలు, జడ అన్నీ వెతికి విసిగిపోయి, "ఏడ పెట్టినవే దొంగమొఖందానా, మీ నాయిన నన్ను తిడ్తడు, ఇయ్యి" అంది. ఆ సంతోషంతో నేను అదే పరుగున చిచ్చా దగ్గరికి పోయాను. ఆయన ఎవరితోనో గుసగుసగా మాట్లాడుతున్నాడు, పక్కన శాంత కూర్చుని ఉంది. చిచ్చా, చూడు అన్నాను.

"ఇప్పుడు ఆటలా, పో ఇంటికి పో" అన్నాడు, నా వైపు తిరగకుండానే. శాంతను పొమ్మనలేదు.

ఆయన భయపడుతున్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే, చూడలేదని.

కొన్నాళ్ళకు ఆకాశంలో విమానాలు మోగాయి. హోటలు రేడియో దగ్గర మగవాళ్ళు గుమిగూడారు. నిజాం లొంగిపోయాడన్నారు. కొందరు మిఠాయి పంచుకున్నారు, కొందరు తలుపులు వేసుకున్నారు. సీతాఫలాలు గంపల్లో దిగే కాలం. ఆ ఏడు కొనేవాళ్ళు లేక గంపల్లోనే పగిలి తీపి కుళ్ళు వాసన బజారంతా నిండింది. భారత సైన్యం వచ్చి రజాకార్లను వెతుకుతున్నదనీ, ఖాకీ తొడిగినవాళ్ళ పేర్లు ఊరివాళ్ళే చెబుతున్నారనీ వినబడుతుండగా, ఒక మధ్యాహ్నం చిచ్చా పెరటి గోడ దూకి మా దుకాణంలోకి వచ్చాడు. చెప్పులు లేవు. మా నాయిన షేర్వానీలు పక్కకు జరిపి ఆయనను ఆ అరలో కూర్చోబెట్టి, మళ్ళీ సర్దాడు. ఆ షేర్వానీలు కుట్టించుకున్నవాళ్ళు తీసుకుపోవడానికి రాలేదు, అందుకే దండెం నిండుగా ఉంది.

కాసేపటికే ఇద్దరు సిపాయిలు, వాళ్ళకు ఇళ్ళు చూపించే ఊరి మనిషొకడు వచ్చారు. బల్ల కింద బట్టముక్కలను తుపాకీ మడమతో కెలికారు. అరుగు మీద కూర్చున్న నా చేతికి నల్ల రబ్బరు, ఒళ్ళో అంగుస్తానా చూసి ఒక సిపాయి ఆగాడు. వయసులో చిన్నవాడు, ముఖాన నవ్వుంది.

"మా బిడ్డకు తమాషా వస్తది సాబ్" అన్నాడు నాయిన వెంటనే. "రూతూ, సాబుకు చూపియ్యి."

ఎందుకు చూపించమన్నాడో నాకు అర్థమైంది. వాళ్ళ కళ్ళు నా చేతుల మీద ఉన్నంతసేపు కోట్ల మీదికి పోవు. నేను లేచి నిలబడి అంగుస్తానాను ఎత్తి చూపించాను, ఎడమచేతిలో వేసినట్టు వేశాను, పిడికిలి మూశాను. ముగ్గురూ వంగారు. ఊదాను, తెరిచాను. "కహా గయా?" అన్నాడు సిపాయి నోరు తెరిచి, ఎక్కడికి పోయిందని. అప్పుడు నా కళ్ళు ఒట్టిచేతిని వదిలి, సిపాయి భుజం మీదుగా, వేలాడుతున్న షేర్వానీల మీదికి పోయి అక్కడే నిలిచాయి.

ఊరి మనిషి నా చూపు వెంట తిరిగాడు. రెండడుగుల్లో దండెం చేరి షేర్వానీలను ఒక్క ఊపున పక్కకు లాగాడు. మోకాళ్ళు గుండెకు హత్తుకుని కూర్చున్న చిచ్చా వాళ్ళను చూడలేదు, నన్ను చూశాడు.

ఆయనను తీసుకుపోయారు. నాయిన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కింద పడ్డ షేర్వానీలను ఒక్కొక్కటే దులిపి మడిచి పెట్టెలో పెట్టాడు, దండెం విప్పేశాడు. "పసిపిల్ల, దాని కండ్లు మొదటి సంది గంతే, దాన్ని ఏమనకుండ్రి" అంది మా మేనత్త. నన్ను కాపాడిన మాట అది. నిజం చెబుతున్నాను, ఆ మాటకు కూడా నాకు కోపమే వచ్చింది, నా విద్యను తక్కువ చేసిందని.

మరుసటి ఏడు, మక్కకంకులు కాల్చే రోజుల్లో చిచ్చా జైలు నుంచి వచ్చాడు. దుకాణం తలుపులు లేవు, నీళ్ళ తొట్టి పగిలి ఉంది. భార్యాపిల్లలు అప్పటికే హైదరాబాదులో బంధువుల దగ్గర ఉన్నారు. మా అరుగు మీద కూర్చుని నాయినతో కాసేపు మాట్లాడి, తలుపు చాటున ఉన్న నన్ను పిలిచాడు. జేబులోంచి ఎర్ర రబ్బరు తీసి నా చేతికి తొడిగాడు. ఆ ముక్కలో మిగిలింది దుకాణం చెత్తలో దొరికిందట.

"తప్పు నాదే బేటీ" అన్నాడు. "నీ కండ్ల సంగతి తెల్సి గూడ నీ ముంగట దాక్కున్న. నాకుండాలె తెలివి. నువ్వు మనసుల వెట్టుకోకు."

నేను తల వంచుకున్నాను. ఏడుస్తున్నాననుకుని నా తల నిమిరి వెళ్ళిపోయాడు. మళ్ళీ మెదకుకు రాలేదు. నా పెళ్ళయిన కొన్నేళ్ళకు, ఆయన పోయాడని ఎవరో చెప్పారు. ఎర్ర రబ్బరును పెట్టెలో దాచాను. రబ్బరు దాచితే నిలవదు. ఒకరోజు తీసి చూస్తే ఎండిన మిరప తొక్కలా విరిగి వేళ్ళ మీద పొడి మిగిలింది.

ఇప్పుడు ఆ రెండు దుకాణాలూ లేవు. ఆ చోట ఫోన్లు అమ్ముతున్నారు, అద్దాల తలుపులు వచ్చాయి. మొన్న పంక్చరు దుకాణం నుంచి ఇంటికి వచ్చాక మనవరాలు కొత్తిమీర కట్టకున్న రబ్బరు తీసి నా చేతికిచ్చి, ఏదో ఆట వచ్చునంటావు కదా, చేసి చూపించమంది. నా మందుసీసా మూతను ఎడమచేతిలో వేసినట్టు వేశాను. ఊదాను, తెరిచాను. అది నా ఎడమచేతిని అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి నా ముఖంలోకి చూసింది.

"నీ మొఖంల ఏం దొరుకుతలేదు నాయనమ్మా, గట్లెట్ల సూస్తున్నవ్ ఒట్టిచేతిని?"

సిపాయిలు వచ్చిన ఆ రోజు కూడా ఇలాగే చూడగలిగేదాన్ని. అప్పటికి నా కళ్ళు నా మాట వింటున్నాయి. కానీ ఎవరి కోసం నేర్చుకున్నానో ఆయన ఆ కోట్ల వెనక కూర్చుని ఉన్నాడు, ఇంత బాగా చేసినా మళ్ళీ చూడలేదు అనుకున్నాను. ఎర్ర రబ్బరు గుర్తొచ్చింది. నా చూపు ఎటు పోతే వాళ్ళ చూపు అటు పోతుందని ఆయనే నేర్పాడు. అది తెలిసే చూశాను.

నన్ను ఎవరెవరు ఏమేమన్నారో ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. తప్పు నాదే బేటీ అన్న ఆ ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆయన అలా అన్నప్పుడు నేను కాదనలేదు.