సముద్రం అడుగున ముగ్గురు సభ్యులు

నేను భీమవరంలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో మా సెంటరు యజమాని గారి అసలు వ్యాపారం రొయ్యల మేత. కింద గోడౌన్లో మేత బస్తాలు, మేడ మీద కంప్యూటర్లు. మా దగ్గర చదివిన పిల్లల్ని సర్టిఫికెట్ అడగక్కర్లేదు, వాసన చూస్తే చాలు.

ఒకసారి ఆయన హైదరాబాద్ వెళ్లి ఓ గేమ్ సీడీ తెచ్చారు. అందులో మనం ఈతగాడి వేషంలో సముద్రం అడుగుకు దిగి, చేపలకు ఫొటోలు తీస్తూ, మునిగిపోయిన ఓడను వెతకాలి. అట్ట మీద చేపల బొమ్మలు చూడగానే, దీంతో రొయ్యల రైతులకు ఓ కోర్సు పెట్టాలని ఆయనకు తట్టింది. అయితే ఏ పనీ పద్ధతి లేకుండా చేసే మనిషి కాదు. ముందు ఆట బాగోగులు తేల్చడానికి కమిటీ వేశారు. అధ్యక్షుడు ఆయనే. నిపుణుడిగా, కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారు. మూడో సభ్యుణ్ణి నేను. నా అర్హత, ఏ మీట ఎందుకు నొక్కాలో తెలియడం.

మొదటి సమావేశానికి కొబ్బరికాయ కొట్టారు. నేను ఆట మొదలుపెట్టగానే అధ్యక్షులవారు ఆక్వా రంగం భవిష్యత్తు గురించి నాలుగు మాటలు చెప్పారు. ఆ నాలుగూ పూర్తయ్యేలోగా తెర మీద మా ఈతగాడు ఆక్సిజన్ అయిపోయి పోయాడు.

"అదేంటండీ, ఇంకా ఏమీ చూడకుండానే పోయాడా?" అన్నారాయన.

మళ్లీ బతుకుతాడని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆ ఏడాది రొయ్యలకు తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులకు చెరువులే పోయాయి. నీళ్లలో పోయింది మళ్లీ లేవడం ఆయన అనుభవంలో లేదు.

రెండోసారి సొరచేప ఎదురైంది. నేను తప్పించుకోబోతుంటే మాస్టారు ఆగమన్నారు. దాని మొప్పల చీలికలు లెక్కపెట్టాలట. అది ఏ జాతిదో, ఏ కుటుంబానిదో ఆయన వివరిస్తుండగా అది మమ్మల్ని తినేసింది. బొమ్మ గీసినవాడు ఒక చీలిక తక్కువ వేశాడని మాస్టారు తేల్చారు.

అధ్యక్షులవారికి ఎంతసేపు చూసినా ఒక్క రొయ్య కనబడలేదు. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు లేవు, మేత చల్లేవాడు లేడు. ఇంత నీరు పెట్టుకుని వృథా చేశారని బాధపడి, మిగతా పరిశీలన మా ఇద్దరికీ అప్పగించి, కింద బస్తాల దగ్గరికి వెళ్లిపోయారు.

అప్పటినుంచి మాస్టారు రోజూ భోజనం చేసి, గొడుగేసుకుని వచ్చేవారు. మీటలు నేర్చుకున్నారు. తప్పులు పట్టడం మెల్లగా మానేశారు. ఒక మధ్యాహ్నం చూద్దును కదా, ఓడ వైపు పోకుండా, ఓ తాబేలు పక్కన ఊరికే నిలబడి ఉన్నారు.

"ఓడ అటుందండి మాస్టారూ," అన్నాను.

"ఉండనివ్వండి. ఉద్యోగమంతా పిల్లలకి ఫార్మలిన్ సీసాల్లో ఉన్నవే చూపించానండి. ఇది ఈదుతోంది."

ఆక్సిజన్ అయిపోయేదాకా ఇద్దరం ఆ తాబేలునే చూశాం.

రిపోర్టు ఎక్కడని అధ్యక్షులవారు అడిగినప్పుడల్లా, ఇంకా లోతుగా పరిశీలించాలని మాస్టారు చెప్పేవారు. అలా వేసవి గడిచిపోయింది. చివరికి నేనే రాసిచ్చాను: ఆట బాగుంది, రొయ్యలు లేవు. మొదటి సగం చదివి అధ్యక్షులవారు సంతకం పెట్టేశారు.

కోర్సు ప్రారంభోత్సవానికి రైతులు బాగానే వచ్చారు. తెర మీద నీలి సముద్రం చూసి ముచ్చటపడ్డారు. ఒకాయన లేచి, ఈ నీళ్లలో ఉప్పెంతని మర్యాదగా అడిగారు. అధ్యక్షులవారు వెంటనే టిఫిన్లు పెట్టించారు. అవి తిని అందరూ వెళ్లిపోయారు. కోర్సులో ఎవరూ చేరలేదు.

కొన్నాళ్లకు యజమాని గారు సెంటరు ఎత్తేసి, మేడ మీద సెల్‌ఫోన్ల షాపు పెట్టారు. ఒక కంప్యూటరు మాత్రం, ఆ సీడీతో సహా, మాస్టారి ఇంటికి చేరింది. ఓ రోజు ఆయన కోసం ఫోన్ చేస్తే వాళ్లావిడ ఎత్తారు. మాస్టారున్నారా అని అడిగాను.

"ఉన్నారండి, నీళ్లలో ఉన్నారు," అన్నారావిడ. "అన్నానికి పైకి రమ్మంటే, ఇంకా ఆక్సిజన్ ఉందంటారు."