అన్వర్ భాయ్ ఓడలకు నేను పూసిన పసుపు

సముద్రం మొహం చూడకుండానే పన్నెండు యుద్ధనౌకలను ఒక్క మధ్యాహ్నంలో నాశనం చేసిన మనిషి మీకెక్కడైనా తగిలాడా? తగలకపోతే ఆర్మూరుకు రండి. పసుపు మార్కెట్ దగ్గర గుమస్తా గంగాధర్ ఎవరని అడగండి. నేనే. ఒక్క గుండు పేలలేదు, చుక్క నీళ్ళు తగల్లేదు. ఓడలతో పాటు ఒక పెద్దమనిషిని కూడా మూడు రోజులు నిలువునా ముంచాను. నవ్వొస్తే నవ్వండి, సగం దాకా నేనూ మీతో కలిసి నవ్వుతాను.

ఓడలంటే మరీ పెద్దవి కావు, బొటనవేలంత. వాటిని చెక్కినవాడు అన్వర్ భాయ్. ముప్పై ఏళ్ళు ఆర్మూరు దుకాణాలకు బోర్డులు రాసిన చెయ్యి అది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాక, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర తెచ్చుకొని పాతకాలపు ఆవిరి యుద్ధనౌకలు చెయ్యడం మొదలుపెట్టాడు. పాత పేపర్ల దుకాణంలో దొరికిన అట్ట లేని ఇంగ్లీషు పుస్తకమే ఆయనకు గురువు. అందులో ఓడలకు నల్లటి పొట్ట, తెల్లటి పైభాగం, పసుపుపచ్చటి పొగగొట్టాలు.

శుక్రవారం మధ్యాహ్నాలు మా ఇంట్లో నీలం దుప్పటి పరిచి యుద్ధం చేసేవాళ్ళం. ఓడ ఎంత దూరం పోవాలో దారంతో కొలవాలి. గుండు తగిలిందో లేదో పాచిక వేసి తేల్చాలి. తగిలితే ఆ ఓడ మీద ఎర్ర ఉన్ని ముక్క పెట్టాలి, కాలిపోతున్నదని గుర్తు. ఇద్దరం సముద్రం చూసినవాళ్ళం కాదు. భీమ్‌గల్ వైపు ఒక చెరువు చూసి, అలలు ఇట్లాగే ఉంటాయని ఒప్పందానికి వచ్చాం.

ఆట అట్లా నడుస్తుండగా భాయ్ కళ్ళు మొరాయించాయి. కంటి నరం ఎండిపోతున్నదని నిజామాబాదు డాక్టరు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ పూటపూటకూ చుక్కలు వేసుకోవాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెనక ఒకటి ఆయనకు మసిలో కలిసిపోయాయి.

"గంగా, ఇంక పసుపొక్కటే సాఫ్‌గ కనవడుతున్నదిరా," అన్నాడు ఒకరోజు, కొత్తగా చెక్కిన పన్నెండు ఓడల డబ్బా నా ఒళ్ళో పెట్టి. "నా చెయ్యి వణుకుతున్నది. రంగు నువ్వెయ్యి. గొట్టాలు మస్తు మెరవాలె. అన్నిటిని వరుసగ నిలవెట్టి ఒక్కసారి సూస్త. అటెన్క ఏమైనా ఫికర్ లేదు."

"హైదరాబాద్ నుంచి మంచి రంగు తెప్పిస్త భాయ్."

"పైనంగ వార్నిష్ కొట్టు. యాది మరువకు."

"నాకు జెప్తవా భాయ్!"

నలుపు, తెలుపు ఇక్కడే దొరికాయి. పసుపు దొరకలేదు. తెప్పిద్దామని ఫోన్ తీశాను, తీసి ఆగాను. ఆర్మూరులో పుట్టి పసుపు రంగు కొనడమా? చేతిలో వెన్న పెట్టుకొని నెయ్యికి ఊరంతా తిరిగేవాణ్ణా నేను? కొత్త పంట మార్కెట్‌కు వస్తున్న రోజులవి. ఒక వేల్పూరు రైతును అడిగి నాలుగు కొమ్ములు తెచ్చుకున్నాను. దంచాను, బట్టలో జల్లించాను, తుమ్మబంకలో కలిపి పూశాను. ఏం రంగండీ అది! ఒక్కో గొట్టం పెళ్ళిపీటల మీది పిల్లలా ఉంది. ఇంత అందానికి మళ్ళీ వార్నిష్ ఎందుకని సీసా మూతే తియ్యలేదు.

మా అమ్మ చూసి, "మంచిగున్నదిరా! దేంతోని ఏసినవు?" అనడిగింది.

"హైదరాబాద్ రంగమ్మా."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది తుమ్మబంకతో అతికింది. ఆ పూట అమ్మకు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

శుక్రవారం నమాజు చేసుకొని భాయ్ వచ్చాడు. గుమ్మంలో కూర్చొని ముందు పాన్ కట్టుకున్నాడు. ఆకుకు సున్నం రాసిన వేలు తుడుచుకునే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. మీలో తెలివైనవాళ్ళకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. అప్పుడు మీరు మా ఇంట్లో ఎందుకు లేరు?

దుప్పటి ముందు నిలబడి ఆయన చాలాసేపు చూశాడు. "ఏక్, దో, తీన్..." పన్నెండు దాకా లెక్కపెట్టాడు. "మాషాల్లా! అన్నీ కనవడుతున్నయిరా గంగా." తర్వాత ముక్కు ఎగబీల్చాడు. "పసుపు వాసనొస్తున్నదేంది?"

"గీ దినాలల్ల ఆర్మూర్ల ఇంకేం వాసనొస్తది భాయ్?"

నిజమే అనుకున్నాడు. కింద కూర్చొని మొదటి ఓడ చేతిలోకి తీసుకున్నాడు. ఆ వేలితో గొట్టాన్ని ముద్దుగా నిమిరి పెట్టాడు. పెట్టిన గొట్టం నా కళ్ళముందే ఎర్రబడింది. రెండోది నిమిరాడు, అదీ అంతే.

భాయ్ తల వంచి వెతికాడు. "గంగా, గీ ఓడకు గొట్టమేదిరా?"

"గుండు తగిలింది భాయ్. ఎర్ర ఉన్ని పెట్టిన."

"ఇంక ఆటనే షురు కాలె. పాచిక ఎవలేసిండ్రు?"

"నేనే... జర చెయ్యి అలవాటైతదని."

"మరి పక్కదాని గొట్టం?"

"దానికి గూడ తగిలింది."

"ఒక్క పాచికకు రెండోడలా?"

"గాలి జోరుగున్నది భాయ్."

ఆయన నవ్వలేదు. మూడోది, నాలుగోది తీశాడు. అట్లా ఒక్కొక్కటీ నిమురుతూ పన్నెండో ఓడ కింద పెట్టి ఆగిపోయాడు.

"కరెంటు పోయిందా?"

"పట్టపగలు భాయ్."

"గట్లనా." దుప్పటి అంచు దాకా వెనక్కి జరిగాడు. "పసుపు గూడ పోయిందిరా," అని లేచి, కాలితో చెప్పులు తడుముకొని వెళ్ళిపోయాడు.

ఒక్క మాట చాలు. 'భాయ్, నేను పూసింది వంటింటి పసుపు.' చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రంగుల్లో బతికిన మనిషి ముందు పరువు పోతుందని మింగలేక కక్కలేక అట్లాగే కూర్చున్నాను. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కూర్చున్నాను.

అమ్మ వచ్చి ఓడలు చూసి నెత్తి కొట్టుకుంది. "దిష్టి నీళ్ళల్ల ముంచినవారా వీటిని? పసుపుకు సున్నం తాకితె ఎర్రగైతదని సంటి పోరలకు గూడ ఎరుకే!"

కొమ్ము విరిచి చూసి పంట ఎట్లాంటిదో చెప్పగల పసుపు మార్కెట్ గుమస్తాకు ఎరుక లేదు. అంత జరిగాకైనా నాకు బుద్ధి వచ్చిందా? రాలేదు. అసలు రంగు తెప్పించి, గుట్టుగా మళ్ళీ పూసి, 'ఇప్పుడు చూడు భాయ్' అందామని పన్నాగం పన్నాను. రంగు రావడానికి మూడు రోజులన్నారు. సరే, మూడు రోజులే కదా అనుకున్నాను.

మూడో రోజు జుబేదా భాభీ, అంటే భాయ్ భార్య, ఫోన్ చేసింది.

"గంగాధర్, ఆయన శుక్రారం సంది కండ్లల్ల చుక్కలేసుకుంటలేరు. పసుపే పోయినంక ఇంకెందుకు అంటున్నరు. జర నువ్వొచ్చి చెప్పు. నీ మాటైతె ఇంటరు."

పరుగెత్తాను. భాయ్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన వీపుకే చెప్పుకున్నాను. "భాయ్, పోయింది నీ చూపు గాదు. నా రంగు. నేను పూసింది పసుపు. నీ వేలికి సున్నమున్నది."

చాలాసేపటికి ఆయన తిరిగాడు. "జుబేదా, వంటింట్లకెల్లి పసుపు డబ్బా తే."

మూత తీసిన డబ్బా మీదికి ముక్కు ఆనేంతగా వంగాడు. "కనవడుతున్నది," అన్నాడు మెల్లగా. మళ్ళీ అన్నాడు. మూడోసారి అంటూ నా వీపు మీద ఒక్కటిచ్చాడు. "ముప్పై ఏండ్లు రంగులల్ల బతికిన. నాకే పసుపు పూస్తవారా!" అని నవ్వీ నవ్వీ దగ్గాడు. నేనూ నవ్వాను. భాభీ నవ్వలేదు. చుక్కల సీసా పట్టుకొని నిలబడి, "మూడు దినాలు," అంది. అంతే అంది.

డాక్టరును నేనే వెళ్ళి అడిగాను. మూడు రోజులతో ఏమీ కాదన్నాడు. కాగితం మీద రాసుకుంటూ అన్నాడు. అది నిజమే అయ్యుంటుంది. నమ్మడానికి ఇప్పటికీ ప్రయత్నిస్తూనే ఉన్నాను.

నిరుడు భాయ్ కళ్ళకు పసుపు నిజంగానే పోయింది. పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"గంగా, పసుపు డబ్బా మూత తీసిన. అంత నల్లగున్నది. దీంట్ల గూడ నువ్వేమన్న కలిపినవా?"

నేనప్పటికి బుద్ధి తెచ్చుకొని సత్యవంతుణ్ణి అయి ఉన్నాను కదా. "లేదు భాయ్. నేనేం కలపలే."

అవతల డబ్బా మూత పెట్టిన చప్పుడైంది.

"గప్పుడు గన్ని అబద్ధాలాడినవు గదరా," అన్నాడు. "గియ్యాల ఒక్కటి ఆడితే నీ సొమ్మేం పోతుండె?"

కనుక పాఠకులారా, మార్కెట్ యార్డులో కొత్త పసుపు కుప్ప మీద చెయ్యిపెట్టి, హమాలీలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా కంఠంలో ప్రాణముండగా ఏ దేశపు యుద్ధనౌకకూ పసుపు పూయను. అబద్ధాల మీద కూడా ఒట్టు పెడదామనుకున్నాను గానీ, భాయే వద్దన్నాడు.