పక్కచూపు పోయిన లాలు

దబ్బనంలోకి పురికొస ఒక్క పోటుకు ఎక్కించి, లాలు మిర్చి బస్తా మూతి కుట్టసాగాడు. అరవై దాటిన చేతులు. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం ఎక్కడా తప్పదు. పెనుబల్లి దగ్గర బసవపున్నయ్య కల్లంలో బస్తాలు కుట్టేదీ, ట్రాక్టరు మీద ఖమ్మం మార్కెట్‌కు తోలేదీ ఏళ్లుగా అతనే.

"డాక్టరు బండి తోలొద్దన్నడట గదా, మామా?" తాలు కాయలు ఏరుతున్న సంగీత అడిగింది. తండాలో మాట దాగదు.

"నీటికాసులట. పక్కచూపు సగం పోయిందట, పోయింది మళ్ల రాదట. ఉన్నదన్న మిగలాల్నంటే రోజూ చుక్కలేసుకోవాల్నట." లాలు దబ్బనం ఆమె ముఖం ముందు ఆడించాడు. "గుడ్డోడు గిందులకు దారం ఎక్కిస్తడా? నీ పని జూస్కో."

"మా పానాలు నీ టైర్ల కింద బెట్టి ఏం జూస్కోవాలె?"

బస్తాలు మోసే బిచ్యా కిసుక్కున నవ్వాడు. ఆ స్టీరింగు మీద నిరుటి నుంచి కన్నేసినవాడు. బండి చెయ్యి జారితే లాలు ఇక ఉత్త కూలీ.

"నవ్వకురా. గేరు మార్చుడు రాదు గాని పళ్లు జూపుడు వచ్చు నీకు."

విసురుగా వెళ్లి ట్రాక్టరెక్కాడు. ట్రాలీని బస్తాల వరస దగ్గరికి వెనక్కి పోనిచ్చాడు. మెడ తిప్పి చూస్తే బస్తాల మీద అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. అంతలో కేక. బ్రేకు తొక్కాడు. ట్రాలీ చక్రానికి జానెడు దూరంలో సంగీత.

"చక్రం కింద దూరుతవేందే? యాడికెల్లి ఉరికొచ్చినవ్?"

"ఉరికొచ్చిన్నా? పొద్దుగాల కూసున్నదాన్ని లేవనే లేదు!" చాటలోంచి గుప్పెడు తాలు తీసి అతని మీదికి విసిరింది.

లాలు కొట్టేవాడిలా దిగాడు. ఆమె ఒడిలో చాట అలాగే ఉంది. చాపిన కాళ్ల చుట్టూ ఏరిన కుప్ప చెదరలేదు. ఉరికొచ్చిన మనిషి కుప్పను వెంటేసుకుని రాదు. ఆ దిక్కు తను చూశాడు. చూసినప్పుడు అక్కడ ఉత్త కల్లమే కనిపించింది.

"ఏందిరా లొల్లి?" బసవపున్నయ్య షెడ్డులోంచి అరిచాడు.

బస్తాలన్నీ ట్రాలీలోకి ఎక్కాక లాలు మోకు అందుకున్నాడు. అడ్డంగా, నిలువుగా బిగించి, ప్రతి ముడీ గుంజి చూసి, అప్పుడు బిచ్యాను పిలిచాడు.

"క్లచ్చు మెల్లగ ఇడువు. ఒక్క బస్తా జారినా తోలు దీస్త."

"నువ్వు రావా, కాకా?"

"నీ పక్కన కూసునే ఖర్మ నాకేంది?"

తాళంచెవి వాడి అరచేతిలో చరిచి, లాలు బండికి దారి వదిలాడు.